వర్జ్యం రాకముందే

కిటికీ గట్టు మీద రాత్రి చచ్చిన ఈగల్ని ఖర్జూరపు ఈనెలతో ఊడుస్తున్నాను. పొద్దున్నే అది నా పని. నాన్నగారు లేచి ముఖం కడుక్కునేలోగా ఒక్క ఈగ కనిపించకూడదు. ఊడ్చినవాటిని పాలపిండి డబ్బా మూతలోకి ఎత్తి, మెట్టు దిగి, చెట్టు మొదట్లో పారబోసి వచ్చేసరికి గట్టు మీద మళ్ళీ అన్నే ఉండేవి. ఈసారి బతికున్నవి.

బర్కాలో ఆ చలికాలమంతా ఈగలే. సముద్రపు ఒడ్డున ఇసకలో చిన్న చేపలు ఎండబోసేవారు. మన కాకినాడ వైపు కవళ్ళంటారు. అవి మనుషులు తినడానికి కాదు. ఆవులకూ ఒంటెలకూ మేత, ఖర్జూరపు తోటలకు ఎరువు. గాలి సముద్రం మీంచి తిరిగిందంటే ఆ కంపు తోటలోకి వచ్చి, ఆరేసిన బట్టల్లోకీ, ఉడుకుతున్న అన్నంలోకీ దూరేది. మా అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే పొయ్యి ఊదేది.

"అసహ్యం" అనేవారు నాన్నగారు, కిటికీ అద్దం బిగిస్తూ.

ఆ మాట ఆయనకు ఊతపదం. చేపలు అసహ్యం. ఈగలు అసహ్యం. బజారులో పదిమందీ ఒకే పళ్ళెంలోంచి ఖర్జూరం తీసుకు తినడం అసహ్యం. తోటలో పనిచేసే గంగన్న పళ్ళు తోముకుంటూ ఖాండ్రించి ఉమ్మడం అసహ్యం. జేబులో చిన్న సీసాతో డెటాల్ ఉండేది. ఎవరైనా చెయ్యి కలిపితే, వాళ్ళు అటు తిరగ్గానే అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని రుద్దుకునేవారు.

నాన్నగారు శ్రీరామచంద్రమూర్తి రెండుసార్లు రిటైరయ్యారు. మొదటిసారి పి.డబ్ల్యు.డి.లో ఓవర్సీరుగా, రెండోసారి ఒమాన్‌లో రోడ్లు వేసే ఒక కంపెనీలో. ఆయన అక్కడున్న ఏళ్ళన్నీ అమ్మా నేనూ మావయ్యగారింట్లో ఉన్నాం. నేను ఆ ఊరి బళ్ళోనే చదువుకున్నాను. అత్తయ్య వంట అయ్యాక, అత్తయ్య పొయ్యి మీద, అత్తయ్య గిన్నెల్లో అమ్మ మా ఇద్దరికీ వండేది. మాకంటూ పిఠాపురంలో ఒక స్థలం ఉంది. అందులో నుయ్యి తవ్వించి, నూతికి చప్టా కట్టించారు. అక్కడితో ఆగింది. ఎప్పుడైనా వెళితే అమ్మ ఆ ఖాళీ నేల మీద నిలబడి, పొయ్యి ఇక్కడ, దేవుడు ఇక్కడ, మరుగుదొడ్డి అదిగో ఆ చివర, అని చేత్తో చూపించేది. చూపిస్తూంటే ఆమె గొంతులో ఓ అధికారం వినిపించేది. ఇంకెక్కడా వినిపించేది కాదు.

రిటైరైన ఏడు, కార్తీకం వెళ్ళాక, నాన్నగారు మమ్మల్ని బొంబాయిలో ఓడెక్కించి రప్పించారు. రేవు దగ్గర కంపెనీ లాండ్ రోవర్ పక్కన నిలబడి ఉన్నారు. దాని వెనక, చక్రాల మీద, తెల్లరంగు వేసిన రేకుల గది ఒకటి తగిలించి ఉంది.

"ఇదే మన ఇల్లు" అన్నారు.

అది క్యాంపులో సర్వే దొర ఉన్న కారవాన్. దొర తన దేశం వెళ్ళిపోయాక పాతబడిందని కంపెనీ ఓ మూల పడేసింది. వీడ్కోలుకు ఏం కావాలని అడిగితే నాన్నగారు దాన్నే అడిగారు. పని మానేసినా చలికాలం వెళ్ళేదాకా ఆ దేశంలో ఉండొచ్చని కాగితం ఇచ్చి, బండి కూడా వాడుకోమన్నారు. క్యాంపులో ఉన్నన్నాళ్ళూ ఆయన ఉన్నది రేకుల షెడ్డులో, మరో ఇద్దరితో. సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే దొరా దొరసానీ ఈ కారవాన్ ముందు మడత కుర్చీలు వేసుకుని, కొండల వైపు చూస్తూ టీ తాగుతుండేవారట. శుక్రవారం వస్తే దాన్ని బండికి తగిలించుకుని ఏ సముద్రపొడ్డుకో పోయేవారట. "రిటైరయ్యాక మనిషి బతకాల్సిన బతుకు అదీ" అని మాకు ఎన్నిసార్లు చెప్పారో. ఆయన చూసింది కారవాన్ ముందు వైపు. వెనక వైపు ఏం జరిగేదో షెడ్డులోంచి కనిపించేది కాదు.

కారవాన్‌ను బర్కాలో తెలిసినాయన తోటలో నిలిపారు. అక్కడ దిగిన రోజే, ఆ రెండు మడత కుర్చీలూ వేసి, ఒకదాంట్లో తాను కూర్చుని, అమ్మకు షరతు చెప్పారు.

"ఈ చలికాలం ఉండి చూడు శేషూ. నచ్చితే దీన్ని ఓడ మీద మన దేశం పట్టుకుపోదాం. కాశీ, రామేశ్వరం, ఎక్కడ నిలిపితే అక్కడే మన ఇల్లు. ఇంక గోడలెందుకు? నచ్చలేదా, ఒక్క మాట చెప్పు. పిఠాపురంలో ఇల్లు లేపిస్తాను."

"మీ ఇష్టం" అంది అమ్మ.

నాకు తెలిసి ఆయనతో ఆమె అన్న మాటలన్నిటికీ మొదలూ చివరా అదే. దాన్ని ఆయన సగం ఒప్పుకోలు కింద జమకట్టారు. రెండో కుర్చీ మాత్రం ఆ రోజూ ఖాళీగానే ఉండిపోయింది.

తరవాత అమ్మ లోపలికెళ్ళి చూసింది. ఒక పక్క మంచం, ఒక పక్క బల్ల, ఆ పక్కన గ్యాసు పొయ్యి. పొయ్యి గట్టుకు ఆనుకుని, సన్నటి చెక్క అడ్డంతో, బీరువాలాంటి గది. దాని తలుపు తీసింది. లోపల ఒక బకెట్టు. దాని మీద గుండ్రంగా కోసిన చెక్కపలక. అడుగున నీలం రంగు మందు. అమ్మ తలుపు మూసి, పొయ్యి వైపు చూసి, మళ్ళీ తలుపు వైపు చూసింది. మెట్టు దిగి, తోటలో తిరిగి, మూడు రాళ్ళు ఏరుకొచ్చి బావి పక్కన పొయ్యి పెట్టుకుంది.

దొరసాని లోపలే వండేదని నాన్నగారు ఎన్ని రకాలుగానో చెప్పి చూశారు. ఆ మందు వేస్తే క్రిమి బతకదని, ఇది సైన్సనీ చెప్పారు. అమ్మ మడిచీరతో రాళ్ళ ముందు కూర్చుని ఎండు మట్టలు విరుస్తూ వినేది. లోపల గ్యాసు పొయ్యి మీద నేను నాన్నగారికి టీ మాత్రం కాచేదాన్ని. టీ కాస్తుంటే నా భుజానికి ఆ చెక్క తలుపు తగులుతూ ఉండేది. ఎంత మందు వేసినా, ఎంత సైన్సయినా, ఆ వాసన వాసనే. ఆవిరితో పాటు అది కూడా గ్లాసులోకి దిగుతుందేమోనని నేను మూత పెట్టేదాన్ని.

ఆ బకెట్టు ఎవరు ఎత్తాలన్న ప్రశ్న మా ఇంట్లో ఎవరూ పైకి అడగలేదు. గంగన్న ఉన్నాడు.

గంగన్నది ఆర్మూరు దగ్గర పల్లె. నాన్నగారి క్యాంపులోనే దొరల కారవాన్లు కడిగేవాడు. తరవాత ఈ తోటలో పంపు నడిపే పని దొరికింది. క్యాంపులో ఒకసారి జ్వరంతో పడి ఉంటే నాన్నగారు కంపెనీ జీపులో ఆస్పత్రికి పంపించారట. అది మనసులో పెట్టుకుని, మేం దిగిన మర్నాడు పొద్దున్నే వచ్చి, "సారూ, నేను తీస్తా తియ్యి" అని ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు. నాన్నగారు రోజూ ఆ వేళకు సముద్రం వైపు షికారు వెళ్ళేవారు. తిరిగొచ్చేసరికి బకెట్టు కడిగి, మందు వేసి, పలక తుడిచి ఉండేది. అది ఎలా ఖాళీ అయిందో తనకు తెలియనట్టే వచ్చి "చిట్టీ, టీ" అనేవారు నాతో.

గంగన్న నవ్వించే మనిషి. కారవాన్‌ను డబ్బా అనేవాడు. "డబ్బాల బతుకు డబ్బాలనే తెల్లారుతది బిడ్డా" అనేవాడు నాతో. ఊళ్ళో రెండెకరాలు, ఒక జత ఎడ్లు ఉన్నాయట. ఇక్కడ ఈ పని చేస్తున్నట్టు ఇంటి దగ్గర ఎవరికీ తెలియదు. "మస్కట్ల ఆఫీసుల డ్యూటీ అనుకుంటది మా ఆడిది. తెల్సిందనుకో, బంతిల కూసోనిస్తరా నన్ను?" అని నవ్వాడు. ఆ నవ్వు నవ్వినంతసేపూ చేతులు వెనక్కి పెట్టుకునే ఉన్నాడు.

అతనికి అమ్మ రోజూ ఒక పూట అన్నం పెట్టేది. ఆకు లేదు కనక సత్తుపళ్ళెం. అది కారవాన్ ఇరుసు మీద బోర్లించి ఉండేది, దాన్ని మేం ముట్టుకునే పని లేదు. అన్నం జానెడు ఎత్తు నుంచి పడేది. చారు ఇంకాస్త ఎత్తు నుంచి. చిందితే అతను పళ్ళెం జరుపుకునేవాడు, ఆమె గరిట దించేది కాదు.

తోటాయన భార్య రాబియా. ఎర్రటి నూలు బట్టలు, ముఖాన నల్లటి ముసుగు. మొదట్లో అమ్మ మడిచీర ఆరేస్తే ఆవిడ ప్రేమగా మడతపెట్టి తెచ్చిచ్చేది. అమ్మ నవ్వుతూ తీసుకుని, ఆవిడ వెళ్ళగానే మళ్ళీ తడిపేది. రెండుమూడుసార్లు చూశాక రాబియాకు అర్థమైంది. తరవాత చీర గాలికి కింద పడినా సరే ముట్టుకోకుండా, దూరం నుంచే చప్పట్లు కొట్టి అమ్మను పిలిచేది. వీళ్ళిద్దరికీ ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క రాదు. అయినా బావి దగ్గర గంటలకొద్దీ కూర్చునేవారు.

ఒకరోజు నాన్నగారు సరదా పడి రాబియాకు కారవాన్ చూపించారు. గంగన్న మాట అందించడానికి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ మంచం నొక్కి చూసింది, పొయ్యి వెలిగించమని చెప్పి చూసింది, మెచ్చుకుంది. అప్పుడాయన అన్నిటికన్నా గొప్పది చివర చూపించేవాడిలా ఆ చెక్క తలుపు తీశారు. రాబియా తొంగి చూసి, తలమీది గుడ్డ లాక్కుని ముక్కుకు అడ్డం పెట్టుకుంది. బకెట్టు వైపు ఒక వేలు, పొయ్యి వైపు ఒక వేలు చూపిస్తూ గంగన్నను ఏదో అడిగింది.

గంగన్న తల గోక్కున్నాడు.

"ఏమంటోందిరా?" అన్నారు నాన్నగారు.

"తినేకాడనే దొడ్డికి కూసుంటరా అని అడుగుతున్నది సారూ."

"మందు వేస్తామని చెప్పు. వాసన రాదని చెప్పు."

గంగన్న చెప్పాడు. ఆవిడ గబగబా మెట్టు దిగి, బయట అమ్మ పక్కన చేరి, అమ్మ భుజం మీద చెయ్యి వేసింది. అమ్మ మడిలో ఉంది. ఆ చెయ్యి తియ్యలేదు. తరవాత నేను గంగన్నను అడిగితే, ఆవిడ వెళ్తూ వెళ్తూ అన్నది చెప్పాడు: వాసన రానిదానికి నువ్వు ముక్కుకు తువ్వాలెందుకు కట్టుకుంటవు అన్నదట.

ఆ సాయంత్రం నాన్నగారు కిటికీ అద్దం తుడిచి బిగించారు. "నాగరికత లేని మనుషులు" అన్నారు చివరికి.

అందుకేనేమో, బర్కాలో కట్టేసినట్టు ఉండిపోతే ఇల్లు నడిచేదెప్పుడు, అసలు ప్రయాణం మొదలుపెట్టాలి అన్నారు. బహ్లా వెళ్దామన్నారు. కొండలవతల పాత కోట, కుండలు చేసే వాళ్ళు. పైగా నిజ్వా దాటాక బహ్లా దాకా మట్టిరోడ్డు, దానికి కొలతలు తీసిన వాళ్ళలో తానూ ఉన్నారు. "నేను వేసిన రోడ్డు మీద నా ఇంట్లో నేను వెళ్ళాలి" అన్నారు. గంగన్నను వారం రోజులు పంపించమని తోటాయన్ని అడిగారు. ఎందుకో చెప్పలేదు. ఆయనా అడగలేదు.

మంచిరోజు చూశారు. అమ్మ తెచ్చిన పంచాంగం విప్పి, మన టైముకు గంటన్నర తగ్గించి, పొద్దున్న ఎప్పుడు వర్జ్యం మొదలవుతుందో లెక్క కట్టారు. అది రాకముందే చక్రం కదలాలి. మొదటి ప్రయాణం కదా. తెల్లవారుతూనే హడావిడి. కొబ్బరికాయ దొరకలేదు, నిమ్మకాయలు చక్రాల కింద పెట్టాం. గంగన్న దారికి నీళ్ళు నింపుకురావడానికి పంపు దగ్గరికి వెళ్ళాడు. ఆ వేళ ఇంజను మొరాయించింది. అతను పీపా మోసుకుంటూ పరిగెత్తుకొచ్చేసరికి నాన్నగారు బండిలో కూర్చుని హారను కొడుతున్నారు.

"సారూ, బకెట్ తియ్యలే" అన్నాడు రొప్పుతూ.

"వెళ్ళాక చూద్దువుగాని, ఎక్కు."

"నిండున్నది సారూ. నిమిషంల పారబోసి వస్తా."

"వర్జ్యం వచ్చేస్తోందిరా. ఎక్కమంటుంటే."

నిమ్మకాయలు చిట్లాయి. ఇల్లు కదిలింది. రాబియా గట్టు మీద నిలబడి చెయ్యి ఊపింది.

నిజ్వా దాకా తారురోడ్డు. కొండల మధ్య దారి బాగుంది. నాన్నగారు చూపిస్తూ, చెప్తూ, ఒకచోట బండి ఆపి కుర్చీ కూడా వేసుకున్నారు. నిజ్వా దాటాక మట్టిరోడ్డు మొదలైంది. లారీలు తిరిగి తిరిగి రోడ్డంతా అలలు అలలుగా లేచి ఉంది. బండి పళ్ళు కొరికినట్టు వణికింది. వెనక కారవాన్‌లో గిన్నెలు మోగుతుంటే అమ్మ వెనక్కి తిరిగి చూడటం మొదలుపెట్టింది. నాన్నగారు వేగం తగ్గించలేదు. ఇలాంటి రోడ్డు మీద వేగంగా పోతేనే కుదుపు తెలియదని ఆయన సిద్ధాంతం. వెనక సీట్లో గంగన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. నిద్ర కాదు.

బహ్లాలో ఊరి గోడ బయట, ఎండిన వాగు పక్కన బండి ఆపారు. కారవాన్ తలుపు నేనే తీశాను.

ఎలా చెప్పను. నీలంగా ఉంది నేలంతా. గుమ్మం మీంచి మెట్టు మీదికి కారింది. బకెట్టు బోర్లా పడి, పలక ఎక్కడో పడి, ఇల్లు ఈ చివర నుంచి ఆ చివరకు కడుపులో ఉన్నదంతా కక్కుకున్నట్టుంది. బియ్యం మూట అడుగున సగం దాకా నాని నీలమైంది. ఆవకాయ జాడీ చుట్టూ కట్టిన గుడ్డ తడిసింది. నా బొంత ఇంక బొంత కాదు. దేవుడి పెట్టె మాత్రం పై అలమరలో ఉంది, దానికి అంటలేదు. నాన్నగారు నా భుజం మీంచి లోపలికి చూసి, వాగు వైపు పరిగెత్తి వాంతి చేసుకున్నారు.

గంగన్న తువ్వాలు కట్టుకున్నాడు. "దూరం పో బిడ్డా. మళ్ళ బువ్వ తినబుద్ధి గాదు నీకు" అన్నాడు నాతో. వాగులో ఇసక తట్టలతో మోసి లోపల చల్లాడు. ఊడ్చాడు. మళ్ళీ చల్లాడు. మోకాళ్ళ మీద కూర్చుని మూలమూలా అరచేతులతో గీకాడు. నీడ చెట్టు మొదలు నుంచి గోడ దాకా సాగేవరకూ అదే పని. నాన్నగారు దూరంగా కుర్చీ వేసుకుని, చేతిగుడ్డ డెటాల్‌లో తడుపుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, అటు తిరిగి కూర్చున్నారు. మధ్యమధ్య "అయిందా?" అనేవారు.

అమ్మ బియ్యం మూట బయటికి లాగించింది. పారబొయ్యడానికి మూతి విప్పుతుంటే నాన్నగారు కుర్చీలోంచే చెప్పారు.

"పై బియ్యం పొడిగానే ఉన్నాయి కదా శేషూ. పారబొయ్యడం దేనికి? గంగన్నకు ఇయ్యి. వాడు కడుక్కుని తింటాడు."

అమ్మ చెయ్యి మూట మూతి మీదే ఆగిపోయింది. గంగన్న లోపలి నుంచి విన్నాడు. బయటికొచ్చి, "సరే సారూ" అని మూట భుజానికెత్తుకుని వెళ్ళాడు. మర్నాడు పొద్దున్న వాగులో ముఖం కడుక్కోవడానికి వెళితే, రాళ్ళ మధ్య ఆ బియ్యం కుప్పగా పోసి ఉన్నాయి. గంగన్న పక్కనే చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు.

"పిట్టలు గూడ ముడుతలేవు బిడ్డా" అన్నాడు.

నవ్వుతున్నాడు గాని ముఖం పాలిపోయి ఉంది. పొద్దెక్కేసరికి అతనికి జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. ఏం తగిలి వచ్చాయో చెప్పక్కర్లేదు. బండి కింద దుప్పటి పరుచుకుని ముడుచుకుని పడుకున్నాడు. లేస్తాడు, వాగు వైపు నాలుగడుగులు వేస్తాడు, ఆగిపోతాడు. అది ఊరి ఆడవాళ్ళు కాలవకు నీళ్ళకు పోయే దారి. బిందెలతో ఒకరి తరవాత ఒకరు వస్తూనే ఉన్నారు. చాటున్న చోటల్లా ఎవరిదో తోట, ఎవరిదో గోడ. పొట్ట పట్టుకుని వెనక్కి వచ్చి మళ్ళీ బండి కింద దూరేవాడు. నాన్నగారు కోట చూడటానికి వెళ్ళి ఉన్నారు.

అమ్మ ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంబుతో తెచ్చింది. ఎప్పట్లాగే ఎత్తు నుంచి అతని దోసిట్లో పోసింది. అతను తాగుతూ తాగుతూ ఒక్కసారిగా మెలికలు తిరిగిపోయాడు.

"లోపలికి వెళ్ళు" అంది అమ్మ.

అతనికి అర్థం కాలేదు. "యాడికమ్మా?"

అమ్మ కారవాన్ వైపు చూపించింది.

"వద్దమ్మా. సారు ఉండేటి ఇల్లు."

"అది ఇల్లు కాదు గంగన్నా, దొడ్డి. వెళ్ళు."

తలుపు ఆమే తీసి పట్టుకుంది. అతను తల వంచుకుని మెట్టెక్కాడు. అమ్మ తలుపు దగ్గరగా వేసి, ఇవతలకు వచ్చి, మట్టలు విరవడం మొదలుపెట్టింది. నేను ఆమె ముఖం చూశాను. అందులో జాలిలాంటిదేమీ నాకు కనిపించలేదు. కూర తరిగేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

నాన్నగారు అనుకున్న దానికన్నా ముందే వచ్చారు. గంగన్న మెట్టు దిగుతున్నాడు.

"ఏరా, లోపలికెందుకెళ్ళావు?"

ఆయన గంగన్న ముఖం చూసి, చెక్క తలుపు చూసి, గ్రహించారు.

"కూర్చున్నావా దాని మీద?"

"నేనే వెళ్ళమన్నాను" అంది అమ్మ.

"నువ్వా?" ఆయన మెట్టు దగ్గర్నించి ఒక అడుగు వెనక్కి వేశారు. "మడి కట్టుకుని కన్నకూతుర్ని గరిట ముట్టుకోనివ్వవు. నువ్వు వెళ్ళమన్నావా? రేపు నేనెలా కూర్చోనే దాని మీద? తలచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది."

"పరేషాన్ గాకుండ్రి సారూ" అన్నాడు గంగన్న. నిలబడలేక చక్రం పట్టుకున్నాడు. "ఇన్ని దినాలు మీయి ఎత్తిన. నాది నేను ఎత్తుకోనా?"

అన్నట్టే ఎత్తాడు. రెండుచోట్ల ఆగి, వాగు దాకా మోసుకెళ్ళి, పారబోసి, కడిగి తెచ్చాడు. నాన్నగారు పెద్ద సీసా తెరిచి డెటాల్ అంతా అతని చేతుల మీదా, పలక మీదా గుమ్మరించారు. పలక తోమించారు. ఎండలో పెట్టించారు. మళ్ళీ తోమించారు. జ్వరంతో వణుకుతున్న మనిషి పలక తోముతుంటే పక్కన నిలబడి, ఇక్కడ, ఇంకా ఇక్కడ, అని వేలు పెట్టి చూపించారు. వేలు పలకకు తగలకుండా చూపించారు. అసహ్యం అనే మాట ఆ రోజు నా నోట్లోకి వచ్చింది. పళ్ళు బిగించి లోపలే ఉంచుకున్నాను.

సాయంత్రం అమ్మ కాలవకు వెళ్ళి తలస్నానం చేసి వచ్చింది. తలుపు పట్టుకున్న చెయ్యిని చాలాసేపు మట్టితో తోముకుంది. అది కూడా చూశాను.

మర్నాడు లేచేసరికి బండి కింద గంగన్న లేడు. దుప్పటి లేదు. సత్తుపళ్ళెం తోమి ఇరుసు మీద బోర్లించి ఉంది. నీళ్ళ లారీ ఒకటి తెల్లవారుజామున నిజ్వా వైపు పోతుంటే ఎక్కి వెళ్ళాడని, కాలవ దగ్గర ఒకాయన చేతులతో చెప్పాడు.

నాన్నగారు పెద్దగా పట్టించుకోలేదు. "పోతే పోయాడు, కృతజ్ఞత లేని వాళ్ళు" అని కుర్చీలు వేసుకున్నారు. ఒకటి తనకు, ఒకటి పక్కన. కోట మీద అప్పుడే ఎండ పడుతోంది. ఆయన ఊహించుకున్నట్టే ఉంది అంతా, కొండలు, ఎండ, టీ. లోపల నేను కిటికీ గట్టు ఊడుస్తున్నాను. బహ్లాలో చేపలు లేవు. అయినా ఈగలు వచ్చాయి. ఏడ్చినా మొత్తుకున్నా రాత్రి ఆయన ఆ పలక మీదే కూర్చోక తప్పలేదు. చెక్క తలుపు సందులోంచి ఈగలు వెళ్తున్నాయి, వస్తున్నాయి.

కాసేపటికి ఆయనకూ వాసన తగిలింది. గ్లాసు కింద పెట్టి, ఇటు తిరగకుండానే అన్నారు.

"శేషూ, చిట్టికి చెప్పు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, అటు వాగులో పారబోసి వస్తుంది. ఒకటి రెండు రోజులే, అలవాటైపోతుంది. కాశీ దాకా పోవాల్సిన వాళ్ళం. ఎవరో ఒకరు ఎత్తాల్సిందే కదా."

అమ్మ బయట మూడు రాళ్ళ ముందు కూర్చుని ఉంది. ఎసరు మరుగుతోంది. ఆ మరిగే ఎసరును తీసి పొయ్యిలో పోసింది. బుస్సుమని బూడిద లేచింది. లేచి లోపలికి వచ్చింది. నా వైపు చూడలేదు. పై అలమరలోంచి దేవుడి పెట్టె దించి, తన మారుచీరలో చుట్టి, చంకన పెట్టుకుంది. మెట్టు దిగి చెప్పులేసుకుంది. ఖాళీ కుర్చీ పక్కనుంచి, ఆయన కుర్చీ పక్కనుంచి నడిచింది. నిజ్వా మీదుగా బర్కా వైపు పోయే లారీలు ఆగే రోడ్డు వాగవతల ఉంది.

"బిందె మరిచిపోయావు" అన్నారు నాన్నగారు వెనక నుంచి.

అమ్మ వెనక్కి తిరగలేదు. ఆయన ఇంకోసారి పిలిచి, బిందె లేకుండా నీళ్ళకెళ్తోందేమిటి మీ అమ్మ అని నన్నడిగారు.

నేను ఈనెలు గట్టు మీద పెట్టి, నా చెప్పుల కోసం మెట్టు కింద వెతుక్కున్నాను.